ఏ కోడికి ఏ మేత

గూట్లో చెయ్యి పెడితే ఎండుగడ్డి వెచ్చగానే ఉంది, గుడ్డు మాత్రం లేదు. జంగప్ప చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు. మూలమూలలూ తడిమాడు. పక్కన బోర్లించిన గంప ఎత్తి చూశాడు. అక్కడా లేదు. తెల్లకోడి ఒకటి మెడ చాచి అతని చేతుల వైపే చూస్తోంది.

ఆదివారం ఎల్లుండి. పొద్దున్నే తాండూరులో రైలెక్కాలి, వికారాబాద్‌లో దిగాలి, గుట్టెక్కి దవాఖానకు పోవాలి. పోయేటప్పుడు చేతిలో గుడ్లుండాలి. లేకుంటే పోయీ లాభం లేదు.

ఆ దవాఖానలో ఉన్నది అతని భార్య శాంతవ్వ. దసరాకు ముందు మొదలైన దగ్గు చలికాలం వచ్చినా వదల్లేదు. ఒకనాడు ఆమె ఉతకడానికి తీసిన చీర కొంగు మీద ఎర్రటి మరక కనిపిస్తే జంగప్ప పోయి ఎడ్లబండి కట్టించుకొచ్చాడు. గుట్ట మీది పెద్ద డాక్టరు ఛాతీకి ఫోటో తీయించి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, రోజూ సూది వేయాలని చెప్పాడు. సూది చేసేది సగం పని, తిండి చేసేది సగం పని అన్నాడు. గుడ్డు, పాలు కడుపులో పడకుంటే సూదులన్నీ బూడిదలో పోసిన పన్నీరేనని గట్టిగా చెప్పాడు.

శాంతవ్వ తినదు. చిక్కంతా అక్కడే వచ్చింది. దవాఖాన అన్నం మందు వాసనంటుంది. పాలు నీళ్ళంటుంది. అక్కడి గుడ్డును ఏ ఊరి కోడిదో, ఏం తిని పెట్టిందో అని పక్కకు నెట్టేస్తుంది. తన కోళ్ళ గుడ్డయితే ఉడకబెట్టించుకుని మారుమాట్లాడకుండా తింటుంది. అందుకని జంగప్ప ఇత్తడి చెంబులో తవుడు పోసి, తవుడులో గుడ్లు పూడ్చి, వారం వారం తీసుకుపోతున్నాడు. ఆమె వారం గడిచేది ఆ చెంబు మీదే.

మొదట చెంబు నిండేది. తర్వాత సగానికి వచ్చింది. పోయిన వారం అడుగున నాలుగు దొర్లాయి. ఇప్పుడు గూడే ఖాళీ.

అతను గూటి దగ్గరనుంచి లేచి వాకిట్లోకి వచ్చాడు. వాకిట్లోంచి బాట మీదికి పోయాడు. బాట మీద పనేమీ లేదు, మళ్ళీ లోపలికొచ్చాడు. కొన్ని నెలలుగా ఇదే నడక. ప్రతి ఏడూ ఈ వేళకు అతను కృష్ణ ఒడ్డున మంద ముందు నడుస్తుండేవాడు. ఈసారి తమ్ముడు చంద్రప్ప రెండిళ్ళ జీవాలనూ కలిపి తోలుకుపోయాడు, జంగప్ప ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గొర్రెల వెంట నడిచిన మనిషి. కూర్చుంటే కాళ్ళు గుంజేవి, నిలబడితే ఒళ్ళు మండేది. ఊళ్ళోవాళ్ళు కాలుగాలిన పిల్లి అని నవ్వుకునేవారు, అది అతని చెవిన పడేది కూడా.

కోళ్ళు మొదటినుంచీ శాంతవ్వవే. అందులో ఒక రకమా. నాటు పెట్టలున్నాయి, పిల్లల తల్లి ఉంది, దాని వెంట వేలెడేసి పిల్లలున్నాయి, ఎర్రటి డేగ పుంజు ఉంది. ఇవి చాలవన్నట్టు నిరుడు బ్లాకు ఆఫీసు వాళ్ళు ఊరికి పంచిన తెల్లకోళ్ళు రెండు వచ్చి చేరాయి. ఏ కోడికి ఏ మేతో, ఎంత మేతో అంతా ఆమెకే ఎరుక. దవాఖానకు పోయేనాడు బండిలో పడుకుని ఆమె అదంతా చెప్పింది. తాండూరు వచ్చేదాకా చెబుతూనే ఉంది. జంగప్ప ఎడ్ల కొమ్ముల నడుమనుంచి బాట చూస్తూ తాండూరు వచ్చేదాకా ఊఁ కొట్టాడు. ఒక్క ముక్క చెవిలో నిలవలేదు. అతని కళ్ళముందు ఆ కొంగే ఉంది, ఆ మరకే ఉంది.

ఇప్పుడు పోయి మళ్ళీ చెప్పమని అడిగితే, నాడు విననేలేదని తెలిసిపోతుంది.

అందుకని తనకు తెలిసిందే చేశాడు. తనకు తెలిసింది గొర్రెలు. ఒకనాడు ముంగిస వచ్చి కోడిపిల్లను ఎత్తుకుపోతే, గొర్రెపిల్లల కోసం కట్టిన తడికల కొట్టంలోకి కోళ్ళన్నిటినీ తోలి తలుపు బిగించాడు. రైలెక్కి పోయిననాడు ఇంటి దగ్గర చూసేవారు లేరు, ఒక్కటి పోయినా గుడ్లు తగ్గుతాయి. మేతగా జొన్నలు చల్లేవాడు. పుంజూ తెల్లకోళ్ళూ ముందుపడి మెక్కేవి. నాటువి వెనక్కి తగ్గేవి. పిల్లలు కాళ్ళకింద నలిగేవి. కొన్నాళ్ళకు ఒక పెట్ట పెంకు లేని తోలుగుడ్డు పెట్టింది. దాన్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు జంగప్ప. చూడి గొర్రె నెలలు నిండని పిల్లను వేస్తే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. దీనికేం చెయ్యాలో తోచలేదు.

పక్కింటి గోవిందమ్మ తడిక సందులోంచి అంతా చూస్తూనే ఉంది. వరుసకు మరదలు, పోరడానికి హక్కున్న మనిషి.

"బావా, గొర్లను దొడ్లె తోలినట్టు కోళ్లను తోలి తలుపు పెడ్తివి. అవ్వి నాలుగిండ్లు తిరిగితెనే కడుపు నిండే జాతి. శాంతక్క గిట్ల ఎన్నడన్న జేసిందా?"

జంగప్ప ఊఁ అన్నాడు. తలుపు మాత్రం తీయలేదు.

తెల్లకోళ్ళు పంచిన గ్రామసేవకుడు అంజిలయ్య వారం కింద సైకిలు మీద వచ్చినప్పుడు అతన్నీ అడిగాడు. అంజిలయ్య ఓపికగా నిలబడి చెప్పాడు. దంచిన మక్కలు ఇంత, గానుగలో మిగిలిన పల్లిచెక్క ఇంత, ఆకుకూర ఇంత, అన్నీ కలిపాక ఒక చిటికెడు ఉప్పు. రెండుసార్లు చెప్పాడు పాపం. జంగప్పకు మిగతావన్నీ కొత్త మాటలు. ఒక్క ఉప్పు దగ్గర మాత్రం అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఉప్పు సంగతి కురుమ ఇంట్లో పుట్టినవాడికి ఇంకొకరు చెప్పాలా. తొలకరికి ముందు అతని తండ్రి బండల మీద దొడ్డుప్పు పరిచి కేకేసేవాడు. ఎక్కడో గడ్డిలో తలవంచుకున్న గొర్రెలు ఆ కేకకు దుమ్ము లేపుకుంటూ ఉరికొచ్చేవి. నాకినంత నాకి, చాలనుకున్నప్పుడు వాటంతట అవే తప్పుకునేవి. ఉప్పు నాకిన గొర్రెకు ఆకలి పుడుతుంది, మేత పడుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. పాలు దిగినప్పుడు గుడ్డెందుకు దిగదు? చిటికెడుతో ఏ జీవానికి ఆనుతుంది? అంజిలయ్య చదువుకున్న పిల్లవాడు, పొదుపు మనిషి, అందుకని చిటికెడన్నాడు. ఎంత కావాలో నోరున్న జీవానికే తెలుస్తుంది.

మంద పోయినప్పుడు మిగిలిపోయిన ఉప్పు మూట అటక మీదే ఉంది. శుక్రవారం పొద్దున, ఖాళీ గూడు చూసిన గడియకే, జంగప్ప అటకెక్కి మూట దించాడు. కొట్టంలో ఒక నాపరాతి బండ కడిగి, దాని మీద ఉప్పు పరిచాడు.

కోళ్ళు ఎగబడ్డాయి. జొన్నల మీద కూడా ఎన్నడూ అట్లా పడలేదు. టకటకమని బండ మోగింది. వెనక్కి తగ్గే నాటు పెట్టలు కూడా ముందుకు తోసుకొచ్చాయి. జంగప్పకు ఆనాడే మొదటిసారి మనసు కుదురుకుంది. తలుపు దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. చుట్ట అయిపోయాక, ఆకలి పుట్టిన జీవాలకు మంచి మేత చూపాలని, పల్లిచెక్క కోసం తాండూరుకు నడిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. కొట్టంలో చప్పుడు లేదు.

నీళ్ళ కుండ ఎండిపోయి ఉంది. తెల్లకోడి ఒకటి కుండలో తల పెట్టి అట్లాగే ఒరిగిపోయింది. కొన్ని పక్కకు పడి కాళ్ళు తన్నుకుంటున్నాయి. నేలంతా నీళ్ళ విరోచనాలు. పల్లిచెక్క మూట అక్కడే వదిలేసి జంగప్ప బావి దగ్గరికి ఉరికాడు. నీళ్ళు తెచ్చి ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని ముక్కులో చుక్కలు పోశాడు. గోవిందమ్మ బెల్లం నీళ్ళు కలిపి తెచ్చింది. ఆమె కళ్ళు బండ మీద పడ్డాయి.

"ఉప్పేసినవా బావా."

"ఊఁ."

ఆమె తిట్టలేదు. కొంగు నడుముకు చుట్టి అతని పక్కన కూర్చుంది. "గొర్లు నాకుతయ్. కోడికి నాకెటందుకు నాలుకేడిది బావా? బయట తిరిగే కోడి ఇసుకరాళ్లు ఏరుకుంటది, తిన్నది అరగాలె గద. లోపట పెట్టి రాళ్లకు మొకం వాసేటట్టు జేస్తివి. గా ఉప్పుగల్లనే రాళ్లనుకొని మింగినయ్."

తెల్లారేసరికి తెల్లకోళ్ళలో ఒకటి, నాటు పెట్టల్లో రెండు, పిల్లల్లో సగం పోయాయి. జంగప్ప వాటిని ఎవరికీ వండుకోవడానికి ఇవ్వలేదు. చేను గట్టున గుంట తీసి పూడ్చాడు.

ఆదివారం చెంబులో గోవిందమ్మ ఇంటి గుడ్లు పెట్టుకుని రైలెక్కాడు. గుడ్డు గుడ్డే కదా, రోగం మనిషికి ఏం తెలుస్తుంది అనుకున్నాడు. బండిలో కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాడు. వికారాబాద్‌లో జట్కా ఎక్కకుండా గుట్ట మీదికి నడిచాడు.

దవాఖాన వరండాలో మంచాలు వరుసగా వేసి ఉన్నాయి. రోగులకు అడవి గాలి తగలాలని అక్కడే పడుకోబెడతారు. శాంతవ్వ లేచి కూర్చుంది. ముఖం ఇంకా పీక్కుపోయింది. చెంబు చూసి చెయ్యి చాచింది. ఆయా రాధమ్మ గుడ్డు ఉడకబెట్టి తెచ్చిస్తే, ఒలిచి రెండుగా విరిచింది. విరిచి, నోట్లో పెట్టుకోకుండా సొన వైపు చూసింది.

"ఇది మన కోడిది గాదు."

జంగప్ప చెట్ల వైపు చూశాడు.

"సొన చూడు, సున్నం లెక్కున్నది. తవుడు తప్ప ఇంకోటి ఎరుగని కోడి పెట్టింది. గోయిందమ్మ ఇంటిది గిది. మనయి ఏమైనయ్?"

ఊఁ అనడానికి అక్కడ చోటు లేదు.

"కొన్ని సచ్చినయ్. ఉప్పేసిన."

గుడ్డు రెండు ముక్కలనూ ఆమె గిన్నెలో పెట్టేసింది. పక్క మంచం మీద ఎవరో దగ్గారు. ఉప్పెందుకు వేశావని శాంతవ్వ అడగలేదు. ఇంకొకటి అడిగింది.

"ఏవి సచ్చినయ్?"

"తెల్లదొకటి. నాటుయి రెండు. పిల్లలు కొన్ని."

"నాటుయి రెండంటే ఏవి?"

జంగప్ప నోరు తెరిచాడు. గుంటలో పెట్టింది తన చేతులతోనే. చేతులకు బరువు గుర్తుంది. "ఎర్రయి" అన్నాడు చివరికి.

"ఎర్రయి మూడున్నయ్. అండ్ల ఏవి?"

శాంతవ్వ అతని ముఖంలోకి చూసింది. ఆమెకు కోపం రాలేదు, అది వస్తే బాగుండేది.

"మందల ఒక్క గొర్రె తక్కువైతె చీకట్ల జెప్తవ్ నువ్వు. దాని తల్లి ఎవ్వరో, దాని తల్లికి తల్లి ఎవ్వరో జెప్తవ్. గీ కోళ్లు ఇన్నేండ్ల సంది నీ కంచం చుట్టు తిరిగినయ్. ఏది సచ్చిందో ఎరుక లేకపాయె నీకు."

అని గోడ వైపు తిరిగి పడుకుంది. గిన్నెలో గుడ్డు అట్లాగే ఉంది, ఈగ వాలింది. జంగప్ప మంచం పక్కన నిలబడ్డాడు, వరండా చివరిదాకా పోయాడు, మళ్ళీ వచ్చాడు. చూడవచ్చిన వాళ్ళంతా పోవాలని రాధమ్మ చెప్పింది.

"మేత ఎట్లనో చెప్పు" అన్నాడు జంగప్ప.

"పోయేనాడు జెప్పిన."

"నేనినలే."

గోడ వైపునుంచే ఆమె గొంతు వచ్చింది. "మిగిలినయ్యేవో పోయి జూడు. జూసొచ్చి నాకు జెప్పు. గప్పుడు జెప్త."

దారి పొడుగునా అదే మాట అతన్ని తరిమింది. ఇల్లు చేరగానే కొట్టం తలుపు తీశాడు. కోళ్ళు కాసేపు గడప దగ్గరే తచ్చాడి, ఒక్కసారిగా బయటికి చెదిరిపోయాయి. జంగప్ప గొంగడి భుజాన వేసుకుని, కట్టె చేతబట్టి వాటి వెంట నడిచాడు.

మర్నాటినుంచి అదే పని. పొద్దున తలుపు తీసేది, వెంట నడిచేది, మాపటికి తోలుకొచ్చేది. ఊరు ఊరంతా నవ్వింది. ఊరి చివర నాపరాళ్ళు చెక్కే నర్సప్ప సుత్తి ఆపి మరీ పిలిచాడు. "ఏం జంగప్పా, మంద మస్తు పెరిగింది. గీటినే కృష్ణకు తోల్కపోతున్నవా?" చుట్టూ ఉన్న పనివాళ్ళు గొల్లుమన్నారు. జంగప్ప అతని వైపు చూడలేదు. అతని కళ్ళు ఒక కోడి మీద ఉన్నాయి. మెడ మీద ఈకలు లేని బోడిమెడ పెట్ట ఎక్కడా ఆగకుండా నేరుగా రాళ్ళ చెక్కుల కుప్ప దగ్గరికే వచ్చి, తెల్లటి పలుకులు ఏరి ఏరి మింగుతోంది. దాని వెనకే ఎర్రది, కుడికాలు నడిమి వేలు వంకర తిరిగినది, అదీ ఏరుతోంది. పుంజు ఆ కుప్పను కాలితో కూడా తాకలేదు. నాపరాయంటే సున్నపురాయే, గుడ్డు పెట్టేవాటికే అది కావాలి, పెంకు అందులోంచే వస్తుంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. ఈనబోయే గొర్రె చౌడుమన్ను వెతుక్కుంటూ పోవడం అతను చూసినవాడే.

మర్నాడు పిల్లల తల్లి అయిన నల్లకోడి వెంట పోయాడు. అది పేడకుప్ప గీరి చెదలు బయటికి లాగి, పిల్లలను పిలిచి, తాను తినకుండా నిలబడింది. బూడిదరంగు ముసలిది ఎటూ పోలేదు, బావి దగ్గర రాలిన తోటకూర ఆకుల చుట్టూ తిరిగి, ఎండలో కూర్చుంది. జొన్నగింజ వేస్తే ముక్కుతో పట్టి వదిలేసింది. దాని ముక్కు కొస విరిగి ఉందని అప్పుడు కనిపించింది. మిగిలిన తెల్లకోడి మాత్రం దేన్నీ గీరదు, దేన్నీ వెతకదు. గడప దగ్గర నిలబడి, మనిషి మూట విప్పుతాడేమోనని చూస్తుంది. మూటలోంచి తిని పెరిగిన పిల్ల.

కొట్టంలో ఇంకొక పని చేశాడు. గొర్రెపిల్లలు దూరేటంత, తల్లులు దూరలేనంత కంత పెట్టి లోపల పిల్లలకు వేరే మేత వేయడం మందలో అలవాటే. అట్లాగే ఒక గంప అంచున వెదురు కొట్టేసి, కోడిపిల్లలు దూరే కంతలు చేశాడు. లోపల నూకలూ చెదలూ వేశాడు. పుంజు వచ్చి తల దూర్చి, ఇరుక్కుని, కక్కరకమని గంపతో సహా రెండు అడుగులు నడిచింది. గోవిందమ్మ తడిక పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. జంగప్పకు కూడా నవ్వొచ్చింది.

నవ్వినంతసేపు నవ్వాడు గానీ కుదురు రాలేదు. వారం నడుస్తూనే ఉంది. గుట్ట మీద ఆమె ఏం తింటోంది? పోయిన ఆదివారం గిన్నెలో మిగిలిన గుడ్డు తిన్నదా, పారేసిందా? కోళ్ళు మెల్లగా తేరుకుంటున్నాయి, ఆమె తేరుకునే దారి మాత్రం కనిపించదు. గూట్లో రోజూ చెయ్యి పెట్టాడు. శనివారం పొద్దున బోడిమెడది ఒక్క గుడ్డు పెట్టింది. పెంకు గట్టిగా ఉంది. చెంబులో ఆ ఒక్కదాన్నే పెట్టుకుని ఆదివారం రైలెక్కాడు.

వరండా మెట్ల దగ్గరే రాధమ్మ ఎదురైంది. వారమంతా గంజి తప్ప ముట్టలేదని, పెద్ద డాక్టరు కోప్పడి పోయాడని, ఇట్లాగయితే ఇంటికి తీసుకుపొమ్మంటారని చెప్పింది. ఇంటికి తీసుకుపొమ్మనడం అంటే ఏమిటో జంగప్పకు తెలుసు.

శాంతవ్వ గోడ వైపు తిరిగి ఉంది. అతను మంచం పక్కన నిలబడి, ఎట్లున్నావని కూడా అడగకుండా మొదలుపెట్టాడు.

"సచ్చినయి రెండు ఎర్రయే. ఒకదానికి నెత్తి మీద జుట్టున్నది. ఇంకోదాని తోకల తెల్ల ఈక. మిగిలిన ఎర్రదానికి కుడికాలు నడిమి ఏలు వంకర. బోడిమెడది ఉన్నది, సున్నపురాళ్ల కుప్పకాడికి పోతది, ఎర్రదాన్ని ఎంట తోల్కపోతది. బూడిదది ఉన్నది, ముక్కు కొస ఇరిగింది, గింజ పట్టలేదు. నల్లది పిల్లలకు పెట్టినంక గాని తినదు. డేగ పుంజు ఉన్నది. తెల్లదొకటున్నది, దానికి గీరుడు రాదు."

ఇంత మాట అతను ఒక్కసారిగా ఏనాడూ మాట్లాడి ఎరగడు.

"జుట్టుది మా తల్లిగారింటికెల్లి తెచ్చిన పెట్ట సంతతి" అంది శాంతవ్వ గోడ వైపే చూస్తూ. ఆ తర్వాత మెల్లగా ఇటు తిరిగింది. "ముసల్దానికి నూకలు నానబెట్టి పెడుతున్నవా?"

"లేదు."

"నానబెట్టు. జొన్నలెయ్యకు. పుంజుకు పిడికెడు సజ్జలు జాలు, పల్లిచెక్క జూపకు, కొవ్వెక్కి పంటది. చెక్క పెట్టలకెయ్యి, గది కూడ గుడ్డు మీదున్నయాటికే. పిల్లలకు కొర్రనూకలు. చెదలకు కుండల పేడ, చొప్ప తడిపి పేడకుప్పకాడ బోర్లించు, తెల్లారెవరకు పడ్తయ్."

"తెల్లదానికి?"

"దానికి అంజిలయ్య జెప్పిందే పెట్టు. సర్కారు కోడి అది, సర్కారు మాటే ఇంటది. చిటికెడంటె చిటికెడే."

జంగప్ప ఊఁ అనలేదు. ముసలిదానితో మొదలుపెట్టి ఆమె చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పాడు. ఒకచోట తప్పాడు, ఆమె దిద్దింది. మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత చెంబు మూత తీసి, తవుడులోంచి గుడ్డు బయటికి తీశాడు. శాంతవ్వ దాన్ని అందుకుని, వెలుతురుకు పట్టి, పెంకు మీద గోటితో కొట్టి చూసింది. రాధమ్మను పిలుస్తుందనుకున్నాడు. ఆమె గుడ్డును తిరిగి తవుడులో పెట్టింది.

"తీస్కపో. ఇంక పెట్టినయన్ని పోగుజేసి, ఎర్రది పొదుగుకొస్తె దాని కింద ఎయ్యి."

"డాక్టరు నిన్ను తినమన్నడు."

"ఇంట్ల కోళ్లే లేకుంటె నేను యాడికని రావాలె?"

జంగప్ప చెంబు నేల మీద పెట్టాడు. గొంగడి అంచు చేతులతో నలిపాడు.

"పొదుగెయ్య."

"ఏంది?"

"గీడ పెట్టే గుడ్డు నువ్వు తినాలె. నువ్వు తింటె నేను పొదుగేస్త. తినకుంటె ఎయ్య. కోళ్లన్ని కోసి ఊరికి పంచి, నేను చంద్రప్పకాడికి పోత."

ఆ మాట అతనికే కొత్తగా వినిపించింది. శాంతవ్వ అతని వైపు అట్లాగే చూసింది. అన్నంత పని చేస్తాడో చేయడో ఆమెకు తెలుస్తుంది, ఇన్నేళ్ళు కాపురం చేసింది. ఈసారి మాత్రం తేల్చుకోలేకపోయినట్టుంది.

"జూస్త తియ్యి" అంది. "కోళ్లకాడ ఎవ్వరున్నరు ఇప్పుడు?"

"గోయిందమ్మ."

"గోయిందమ్మనా? అన్నిటికి ఒక్క గంపల తవుడు పోసి కూసుంటది. లే, పో. బండి పోతది మళ్ల."

పొమ్మన్న చేతితోనే దుప్పటి పక్కకు తీసింది. జంగప్ప చెంబు పట్టుకుని మెట్లు దిగాడు. మలుపు దాకా వడివడిగా నడిచాడు. మలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. జూస్త అంది. తింట అనలేదు. కిందికి పోతే రైలు దొరుకుతుంది. రైలెక్కితే మళ్ళీ ఆదివారం దాకా ఆ మాట లోపల తొలుస్తూనే ఉంటుంది.

వెనక్కి వచ్చి వరండాకు ఎదురుగా ఒక చెట్టు చాటున నిలబడ్డాడు. రాధమ్మ పళ్ళెం తెచ్చి మంచం మీద పెట్టి పోయింది. శాంతవ్వ పళ్ళెం వైపు చూడలేదు. జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. దుప్పటి మడత పెట్టింది. పక్క మంచం ఆమెతో ఏదో మాట్లాడింది. చెట్టు చాటున జంగప్ప ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాడు. కింద అడవి అవతల రైలు కూసింది. ఇక అది అందదు.

అప్పుడు శాంతవ్వ పళ్ళెంలోంచి గుడ్డు తీసుకుంది. విరిచింది. ముఖం చిట్లించింది. కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు, నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండో ముక్క కూడా తీసుకుంది.

జంగప్ప చెట్టు వదిలి బాట పట్టాడు. స్టేషన్ దగ్గర ఇంకో బండి కోసం ఆగలేదు. పట్టాల పక్క కాలిబాట మీద తాండూరు వైపు మళ్ళాడు. మంద వెంట కృష్ణదాకా నడిచిన కాళ్ళకు ఇదొక దూరం కాదు. రైలు కుదుపులకు గుడ్డులో జీవం చెదురుతుందేమో, నడకయితే దానికి నెమ్మది. చెంబును గొంగడి లోపల పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. ముసలిదానికి నానిన నూకలు, పుంజుకు సజ్జలు, పిల్లలకు కొర్రనూకలు అని అడుగడుగుకూ అనుకుంటూ, తెల్లారి కోళ్ళను విడిచే వేళకు ఇల్లు చేరాలని అడుగు పెద్దది చేశాడు.